రెండో గేటు దగ్గర మూడు గంటలు

"అమ్మా, మీ తాలూకు మనిషి ఒకరు పొద్దున్నుంచీ మా రెండో గేటు దగ్గర నిలబడి ఉన్నారు. కుర్చీ వేస్తే కూర్చోరు, నీళ్ళిస్తే తాగరు. లారీలు తిరిగే చోటు, పక్కకి రమ్మంటే రారు. చేతిలో కాగితం వెనకాల మీ నంబరుంటే చేస్తున్నాను."

మందుల గిడ్డంగి వాచ్‌మన్ నుంచి ఈ ఫోన్ వచ్చేసరికి ఒంటిగంటా పది. ఆమెకి ఇంటర్వ్యూ పది గంటలకి. అది కూడా రెండో గేటు దగ్గర కాదు, మొదటి గేటు దగ్గర. ఈ రెండు సంగతులూ నాకు కంఠతా వచ్చు, ఎందుకంటే ఆమె చేతిలో ఉన్న కాగితం రాసింది నేనే.

బ్యాగు భుజాన వేసుకుంటూనే రెండో చేత్తో మా సైటు తెరిచి ఆ కాగితం చూశాను. "రెండో గేటు దగ్గర నిలబడండి. ఎవరైనా వచ్చి పిలిచేవరకు అక్కడే ఉండండి" అని ఉంది. నేను రాసింది ఇది కాదు. నేను రాసింది: "మొదటి గేటు. ఆకుపచ్చ తలుపు. పది గంటలకి నీలం కోటు వేసుకున్న ఆవిడ వచ్చి మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారు. పదీ పదికల్లా రాకపోతే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి." ఎవరో మార్చారు. మార్చి, ఒక మనిషిని మూడు గంటలు ఎండలో నిలబెట్టారు.

ఆ మనిషి నా ఆడపడుచు. ముప్ఫై ఒకటో ఏడు. ఇంట్లో అందరూ ఆమెని గడియారం అంటారు. ఆ పేరు వేళాకోళానికి పెట్టింది మా ఆయన. ఎవరు ఎన్నింటికి లేచారో, ఎన్నింటికి తలుపు తీశారో ఆమెకి నిమిషాలతో సహా గుర్తుంటుంది. అడక్కపోతే చెప్పదు. అడిగితే అబద్ధం చెప్పదు. చిన్నప్పుడే డాక్టరు ఆటిజం అని రాసిచ్చిన కాగితం అత్తగారి బీరువాలో అడుగు అరలో ఉంటుంది, ఇంటి పరువంతా దానికిందే దాచినట్టు.

మేం తయారుచేస్తున్నది ఆటిజం ఉన్నవాళ్ళు ఉద్యోగాలు వెతుక్కునే సైటు. మామూలు సైట్లలో "చురుకైనవారు కావలెను", "అందరితో కలిసిపోవాలి" అని రాస్తారు. మా సైటు అలాంటి ప్రకటన తీసుకోదు, తిరిగి ప్రశ్నలు వేస్తుంది. చురుకంటే గంటకి ఎన్ని పెట్టెలు? అందరూ అంటే ఎంతమంది? గదిలో ట్యూబులైటు మినుకుమంటుందా? పక్క గదిలో మిషను మోగుతుందా? ఇంటర్వ్యూలో ఏమేం అడుగుతారు? ఇవన్నీ నింపితేనే ప్రకటన బయటికొస్తుంది. పిలుపు వచ్చిన ప్రతివాళ్ళకీ సైటు ఒక కాగితం ఇస్తుంది. మేం దాన్ని దారి కాగితం అంటాం. ఏ గేటు, ఏ తలుపు, ఎవరొస్తారు, ఎంతసేపు చూడాలి, అప్పటికీ రాకపోతే ఏం చెయ్యాలి. నా బల్ల ఎదురుగా గోడ మీద నిషేధించిన మాటల పట్టిక అంటించాను: కాసేపు, తర్వాత, ఎవరైనా, వీలైతే, చూద్దాం. వీటిలో ఒక్కటి దారి కాగితంలో కనిపించినా మా ప్రోగ్రామరమ్మాయి ఎర్రగీత గీసి నా మొహాన కొడుతుంది.

మా మేనేజరు పెద్ద మీటింగుల్లో ఇదంతా తనకి ఒకరోజు స్నానం చేస్తుంటే తట్టిందని చెబుతాడు. నేను పక్కన కూర్చుని ఆ మాట కూడా నోట్సులో రాస్తాను. నోట్సు రాసే పని ఎప్పుడూ నాదే, ఎందుకంటే "మీ చేతిరాత బాగుంటుంది మేడమ్". కానీ ఇది పుట్టింది ఎవరి స్నానాల గదిలోనూ కాదు, మా వంటింట్లో. నా పెళ్ళయిన మొదటి నెలలో అత్తగారు గడియారాన్ని "కాసేపాగి పాలు దించు" అన్నారు. గిన్నె మాడిపోయింది. కాసేపంటే ఎంతో ఆమెకి తెలియలేదు. నిజానికి ఎవరికి తెలుసు? అందరూ తలా ఒకటి తిట్టి వెళ్ళిపోయాక నేను స్టవ్ పక్కన ఒక చీటీ అంటించాను: "పాలు అంచుదాకా రాగానే స్టవ్ ఆపాలి." ఆ తర్వాత పన్నెండేళ్ళలో ఆ ఇంట్లో పాలు పొంగలేదు. చీటీలు పెరిగాయి. "ఇది ఇల్లా, రైల్వేస్టేషనా?" అని మా ఆయన నవ్వేవాడు. నవ్వుతూనే ఒక్కో పనీ ఆమె వైపు జరిపేశారు. గిన్నెలు, బట్టలు, ఇస్త్రీ, అత్తగారి మందులు. ఏడేళ్ళలో ఆ మందులు ఒక్కపూట తప్పలేదు. "దానికి వేరే పనేముంది" అనేవారు అత్తగారు మందు మింగుతూ.

వాళ్ళనే అంటే సరిపోదు. నేనూ అంతే. పొద్దున ఎనిమిదింటికి ఆమె ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని, ఆమె సర్దిన డబ్బా పట్టుకుని ఆఫీసుకెళ్ళి, ఊళ్ళోవాళ్ళందరికీ ఉద్యోగాలు దొరికే సైటు బొమ్మలు గీసేదాన్ని. అదే సమయానికి ఆమె నేను తిన్న కంచం కడుగుతూ ఉండేది. నేను ఇంత తెలివిగలదాన్ని కదా, ఈ చిన్న సంగతి కనబడటానికి నాకు రెండేళ్ళు పట్టింది.

పోయిన నెలలో కనబడింది. మందుల గిడ్డంగి వాళ్ళ ప్రకటన నా తెర మీద ఉంది. పెట్టె మీది తేదీ, నంబరు చేతిలోని జాబితాతో కలుస్తున్నాయో లేదో చూడటం. చప్పుడు లేని గది. రోజుకి ఇద్దరితో మాట్లాడితే చాలు. వెనక నిలబడి చదువుతున్న గడియారం నా భుజం మీంచి తెర మీద వేలు పెట్టింది.

"ఇది నేను" అంది.

పన్నెండేళ్ళలో ఆమె ఒక వస్తువుని కావాలని అడగడం నేను చూడలేదు. ఆ రోజే దరఖాస్తు పంపించాం. సోమవారం పది గంటలకి ఇంటర్వ్యూ అని శనివారంనాడు ఖాయమైంది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా ఆయన కంచంలోంచి తలెత్తకుండా అడిగాడు, అది పొద్దున్నే వెళ్ళిపోతే అమ్మని ఎవరు చూస్తారు, ఇంట్లో పని ఎవరు చేస్తారు, నువ్వు మానేస్తావా ఏంటి అని. "మీకూ రెండు చేతులున్నాయి కదా" అన్నాను. తల్లీకొడుకులిద్దరూ నవ్వారు. జోకనుకున్నారు.

ట్యాక్సీ ఎక్కగానే ప్రోగ్రామరమ్మాయికి ఫోన్ చేశాను. నా మనసులో అప్పటికే ఒక దొంగ ఉన్నాడు. మా మేనేజరు. శుక్రవారం నా దగ్గరికొచ్చి, ఎప్పుడైనా అవసరం పడొచ్చని నా పాస్‌వర్డు చీటీ మీద రాయించుకున్నాడు. దారి కాగితాలు అతనికి మొదట్నుంచీ గిట్టవు. వాటివల్ల కంపెనీలు విసుక్కుంటాయని, తీసేసి మామూలు ఫారం పెడదామని అంటూనే ఉన్నాడు. పైగా పొద్దున పదిన్నరకే గిడ్డంగి వాళ్ళు "అభ్యర్థి రాలేదు" అని సైటులో పెట్టారని ఆ అమ్మాయి చెప్పింది. అది అతనికే వెళ్ళింది. చూసి ఊరుకున్నాడు. నేను అదే టైముకి అతని మీటింగులో టీలు ఎన్ని చెప్పాలో లెక్కపెడుతున్నాను.

కాగితం ఎవరు మార్చారో కూడా రెండు నిమిషాల్లో వెతికి చెప్పింది. "అక్కా, మార్పు జరిగింది ఆదివారం పొద్దున పదకొండు ఇరవైకి. మీ పేరుతోనే. కానీ ఆఫీసు నుంచి కాదు. మీ ల్యాప్‌టాప్ నుంచే."

దొంగ మారిపోయాడు. ఆదివారం నా ల్యాప్‌టాప్ మా ఇంట్లో, భోజనాల బల్ల మీద, తెరిచే ఉంది. చివరిసారి దారి కాగితం చూసుకుంటుండగా అత్తగారు కళ్ళ డాక్టరుకి ఆలస్యమవుతోందని కేకేస్తే అలాగే వదిలేసి తొమ్మిదిన్నరకే ఆవిడని తీసుకుని వెళ్ళాను. పదకొండు ఇరవైకి మేమిద్దరం డాక్టరు గదిలో ఉన్నాం. కంట్లో చుక్కలు వేస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఉన్నారు.

మా ఆయనకి చేశాను. సంగతంతా విని, కారు కడిగించే చోటుకి వెళ్ళాను కదా, పదింటికి వెళితే పన్నెండున్నరకి వచ్చాను అన్నాడు. "ఇంట్లో ఉంది అదొక్కతే. అదే ఏదో కెలికి ఉంటుంది. దాని చేతులు ఊరుకోవుగా. సరేలే, నేనూ వస్తున్నా, తీసుకెళ్ళిపోదాం."

మనిషి ఎండలో నిలబడి ఎలా ఉందో అతను అడగలేదు.

రెండో గేటు దగ్గర లారీలు బారుగా ఆగి ఉన్నాయి. వాచ్‌మన్ ఆమె తల మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె పాదాలు చెప్పుల పట్టీల పైకి పొంగాయి. కాగితాన్ని రెండు చేతుల్తో గుండెకి ఆనించుకుని ఉంది. నేను ఎదురుగా వెళ్ళి ఆమె పేరు పెట్టి పిలిచాను. అప్పుడు కదిలింది. ఎవరైనా వచ్చి పిలిచారు కదా మరి.

"మూడు గంటల నలభై ఎనిమిది నిమిషాలు ఆలస్యమైంది. నన్ను తీసేశారా వదినా?"

"మొన్న మొదటి గేటు అని చదివావు కదా. మరి ఇక్కడికెందుకొచ్చావు?"

"శనివారం మొదటి గేటు. ఆదివారం సాయంత్రం రెండో గేటు. కాగితం మారితే కొత్తదే పాటించాలి. పైన రాసి ఉంది. నువ్వే రాశావు."

నేనే రాశాను. ఆ మాట ఆమె నిష్ఠూరంగా అనలేదు. నా రాతని నమ్మింది, అంతే. నన్ను అంతలా నమ్మిన మనిషి ఇంకొకరు ఈ భూమ్మీద లేరు.

"ఈ కాగితం ఎవరు మార్చారో నీకు తెలుసా?" అని అడిగాను.

"తెలియదు."

మొదటి గేటుకి నడిచాం. ఆకుపచ్చ తలుపు వెనక చిన్న గది, నాలుగు కుర్చీలు, నీలం కోటు వేసుకున్న ఆఫీసరమ్మ. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు తాడుకి వేలాడుతోంది. ఆవిడ గడియారానికి నీళ్ళిచ్చి, తాగేదాకా మాట్లాడకుండా ఆగింది. తర్వాత నాతో ఉన్నమాట చెప్పింది. నాలుగింటికల్లా ఒక పేరు పైకి పంపాలి. ఇంకొకరు ఇంటర్వ్యూ ఇచ్చి వెళ్ళారు. పొరపాటు ఈ అమ్మాయిది కాకపోతే ఇప్పుడే పరీక్ష పెడుతుంది. ఈ అమ్మాయే కాగితం మార్చుకుని ఉంటే మాత్రం కుదరదు.

"ఇక్కడ ఒక్క అంకె మారితే మందు మారిపోతుంది. రాసి ఉన్నదాన్ని కెలికే చేతులు నేను పెట్టుకోలేను. మీరే నా స్థానంలో ఉంటే పెట్టుకుంటారా?"

"పెట్టుకోను" అన్నాను. నిజమే కదా.

అప్పటికి రెండున్నర. కాసేపటికి, ఎంతంటే పదకొండు నిమిషాలకి, మా మేనేజరు వచ్చాడు. అతని వెనకాలే మా ఆయన. ఇద్దరూ బయట కలుసుకుని మాట్లాడుకున్నట్టున్నారు, ఒకే రకంగా విచారంగా ఉన్నారు.

మార్పు మా ఇంటి ల్యాప్‌టాప్ నుంచని ఆఫీసులో విని, మేనేజరు ముందుగానే ఒక కాగితం టైపు కొట్టించుకొచ్చాడు. అభ్యర్థే పొరపాటున తన దారి కాగితం మార్చుకున్నారని, సైటులో లోపం లేదని. "చిన్న సంతకం మేడమ్. గురువారం సైటు ఊరందరికీ తెరుస్తున్నాం, ఇప్పుడు మచ్చెందుకు? మీమీదకి కూడా రాదు. పాపం, తెలియక చేసింది, అంతే కదా."

"అంతేనండీ" అన్నాడు మా ఆయన, ఆఫీసరమ్మ వైపు తిరిగి. అతని గొంతు ఎంత మెత్తగా ఉందంటే, పెళ్ళిచూపుల రోజు తర్వాత ఆ గొంతు నేను మళ్ళీ అప్పుడే విన్నాను. దాని తప్పేం లేదన్నాడు. దానికి ఇవన్నీ అర్థం కావన్నాడు. మాకు అలవాటే, ఇంట్లో ఉంటే బానే ఉంటుందన్నాడు. తర్వాత చెల్లెలి ముందు వంగి, "ఎందుకు కెలికావురా? చెప్పు. ఏం కాదులే, ఎందుకలా చేశావు?" అన్నాడు.

గడియారం చెవులు మూసుకుంది. ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెట్టింది. మేనేజరు నా వైపు చూశాడు, చూశారా అన్నట్టు. ఆఫీసరమ్మ మెల్లగా ఫైలు దగ్గరికి లాక్కుంది.

నేను మళ్ళీ ఆ రెండు వాక్యాలు చదివాను. ఎవరైనా వచ్చి పిలిచేవరకు అక్కడే ఉండండి. ఫోన్ వచ్చినప్పట్నుంచీ ఈ వాక్యం నన్ను ఎక్కడో గీకుతోంది. ఇది మా టీము రాత కాదని ఒంటిగంటా పదికే తెలుసు, ఎవరైనా అనే మాట మా గోడ మీద నిషేధంలో ఉంది. కానీ ఈ వాక్యాన్ని నేను ఇంతకుముందు విన్నాను. రాతలో కాదు, నోటితో. మా ఇంటికి బంధువులొచ్చినప్పుడల్లా, మా ఆయన స్నేహితులొచ్చినప్పుడల్లా, వాళ్ళు చెప్పులు విప్పేలోపల అతను వెనకగది తలుపు దగ్గరికెళ్ళి చెల్లెలితో చెప్పే మాట. ఎవరైనా వచ్చి పిలిచేదాకా ఇక్కడే ఉండు. ఒకసారి వచ్చినవాళ్ళు భోంచేసి, సినిమాకెళ్ళి, మళ్ళీ వచ్చి కాఫీ తాగి వెళ్ళారు. పిలవడం అందరం మర్చిపోయాం. ఆరు గంటల తర్వాత నేను తలుపు తీస్తే ఆమె మంచం పక్కన నిలబడే ఉంది. ఆ మాటతో ఆమె ఎంతసేపు నిలబడుతుందో తెలిసిన మనిషే ఆ మాట రాశాడు.

నాకు తెలిసిపోయింది. అయితే నాకు తెలియడం ఎందుకు పనికొస్తుంది? అతను కారు దగ్గర ఉన్నానంటాడు. నేను కాదంటే, మొగుడూ పెళ్ళాల గొడవని మేనేజరు సర్దిచెబుతాడు, ఆఫీసరమ్మ ఫైలు మూసేస్తుంది. నాలుగింటికి ఇంకొకరి పేరు పైకెళుతుంది. గడియారం సాయంత్రం ఇంటికొచ్చి ఉబ్బిన కాళ్ళతో గిన్నెలు తోముతుంది. ఇంకోసారి తెర మీద వేలు పెట్టి ఇది నేను అనదు.

సాక్షి కావాలి. ఇందాకట్నుంచీ నేను కంప్యూటరుని అడిగాను, ప్రోగ్రామరుని అడిగాను, మా ఆయన్ని అడిగాను. ఆమెని కూడా అడిగాను. తెలియదంది. ఆమె అబద్ధం చెప్పదు. మరి?

అక్కడే నా బుర్ర నన్ను ఒక్క మొట్టికాయ వేసింది. ఎవరు మార్చారో తెలుసా అని అడిగాను. ఆమె తెర చూడలేదు. తెర మీద ఏం జరిగిందో ఆమెకి ఎలా తెలుస్తుంది? రెండేళ్ళుగా కంపెనీలవాళ్ళని కూర్చోబెట్టి నేను చెప్పే పాఠం ఒకటే: ఆ మనిషి కళ్ళతో చూసిందే అడగండి, ఒకేసారి ఒకటే అడగండి, జవాబుని ప్రశ్నలో దూర్చకండి. ఊరందరికీ నేర్పి, మా ఇంటి మనిషి దగ్గరికొచ్చేసరికి నేనే మా ఆయనలాగా, మా అత్తగారిలాగా అడిగాను.

ఈ ప్రశ్న అడిగితే జవాబొస్తుంది. జవాబొచ్చాక ఆ భోజనాల బల్ల దగ్గర మేమెవరం ఇదివరకటిలా కూర్చోలేం. ఆ సంగతి ఒక్క క్షణం ఆలోచించాను, నిజంగా ఒక్క క్షణమే. కూర్చున్న పన్నెండేళ్ళూ ఏం బావున్నాయి కనక? ఆమె ఎప్పుడూ ఆ బల్ల దగ్గర కూర్చోనే లేదు, వడ్డిస్తూ నిలబడే ఉంది. నిలబడటం ఇక చాలు.

మేనేజరు కాగితాన్ని మడిచి అతని జేబులోనే పెట్టాను. మా ఆయన్ని కొంచెం జరగమన్నాను. "ఏంటి, దాన్ని ఇంకా వేధిస్తావా?" అన్నాడు. జరిగాడు గానీ వెళ్ళలేదు. గడియారం ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, ఆమె చెవుల మీంచి చేతులు తీసేదాకా ఆగాను. నాలుగు నిమిషాలు పట్టింది. ఆఫీసరమ్మ కూడా ఆగింది. ఆవిడకి ఆగడం వచ్చు.

"నేను ఒకటి అడుగుతాను. ఒక్కటే. తెలిస్తే చెప్పు, తెలియకపోతే తెలియదని చెప్పు."

తలూపింది.

"ఆదివారం పొద్దున పదకొండు ఇరవైకి, భోజనాల బల్ల దగ్గర, నా ల్యాప్‌టాప్ ముందు ఎవరు కూర్చున్నారు?"

మా ఆయన "అరే, అది ఆ టైములో..." అని ఏదో మొదలుపెట్టాడు. ఆఫీసరమ్మ వేలెత్తింది.

గడియారం కాగితంలోంచి తలెత్తింది. ఆమె గొంతులో కోపం లేదు, భయం లేదు. గిడ్డంగిలో పెట్టె మీది నంబరు చదువుతున్నట్టే చెప్పింది.

"పదకొండు పద్దెనిమిదికి కూర్చున్నాడు. పదకొండు ఇరవై రెండుకి నన్ను టీ పెట్టమన్నాడు. చక్కెర తక్కువ వెయ్యమన్నాడు. పెట్టాను. టీ తాగి పదకొండు ముప్ఫై ఒకటికి లేచి కారు కడిగించడానికి వెళ్ళాడు." ఊపిరి తీసుకుని, పేరు అడిగారు కదా అని గుర్తొచ్చినట్టు, వేలు చూపించి చెప్పింది. "అన్నయ్య."